మేకు కాదు, నిప్పే

"సారు పోయిండు బిడ్డా" అని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను మొయినాబాద్‌లో మెహిదీపట్నం బస్సు కోసం నిలబడి ఉన్నాను. అమ్మ అంటే సారు భార్య. చేవెళ్ల కాలేజీలో ఆయన దగ్గర జంతుశాస్త్రం చదువుకున్న వాళ్ళమంతా ఆమెను అట్లాగే పిలుస్తాం. ఆ ఒక్క మాట అన్నాక ఆమె ఫోన్ పెట్టెయ్యడం కూడా మరిచిపోయినట్టుంది. వెనక ఎవరో స్టవ్ ఆర్పమంటున్నారు, ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. నా ముందు నుంచి ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. రోడ్డు దాటి, చేవెళ్ల బస్సు ఆగే వైపుకు వచ్చి నిలబడ్డాను.

బస్సులో ఉండగానే రెండో ఫోన్ వచ్చింది. మా సైన్స్ సంఘం కన్వీనరు.

"అన్నా, సంతాప సభకు కరపత్రం నువ్వే రాయాలె. సారుకు దగ్గరోనివి గద."

రాస్తానన్నాను.

"ఒక్క మాట అన్నా. కాలు సంగతి జర చూసి రాయి. మేకు గుచ్చుకున్నది, పుండు పడ్డది, షుగరుంది గనక మానలేదు. గంతే. నిప్పుల ముచ్చట మాత్రం తేకు."

ఆ సాయంత్రం సారు సొంతూరు ఆలూరులో, సమాధుల దొడ్లో, పాస్టరు ప్రార్థన చేస్తుండగా, నా వెనక ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. "నిప్పుల గుండంతోటి ఆటలాడిండు. ఊకె ఇడుస్తదా?" "మరి గదే గద." అంటే సారును మట్టిలో పెట్టకముందే ఆయన కాలికి రెండు కథలు తయారయ్యాయి. ఊరి కథలో దేవుడి కోపం ఉంది. మా సంఘం కథలో మేకు ఉంది. ఊరిని నేను క్షమించగలను, ఊరికి ఎవరూ సరిగా చెప్పలేదు. మా వాళ్ళ సంగతేమిటి? బాబాలు గాలిలోంచి విభూతి తీస్తే చెయ్యి పట్టుకుని నిలదీసిన వాళ్ళం మేము. ఇప్పుడు గాలిలోంచి మేకు తీస్తున్నాం.

నేను కరపత్రం రాయలేదు. ఇది రాస్తున్నాను.

సారుకు ఒక జబ్బు ఉండేది. ఎవరు ఏం చెప్పినా "ఎట్ల తెలుసు?" అని అడిగేవాడు. మమ్మల్ని అడిగితే సరే, పాఠం అనుకోవచ్చు. బస్సు కండక్టరును కూడా అడిగేవాడు. "షాబాద్ బండి వస్తున్నది సార్" అని అతను అంటే, "ఎట్ల తెలుసు?" "రోజూ వస్తది గద సార్." "నిన్న రాలే గద?" కండక్టరు తల కొట్టుకునేవాడు. చూడకుండా చెప్పిన మాట ఆయనకు పంటి కింద రాయిలాగా ఉండేది. "తెల్వదు అంటే తప్పు లేదుర. చూడకుండ తెలుసు అంటేనే తప్పు" అనేవాడు. ఈ మాట నేను ఎన్ని ఉపన్యాసాల్లో నాదిగా చెప్పుకున్నానో!

ఇంటర్మీడియట్‌లో కప్పను కోసిన రోజు నాకు బాగా గుర్తు. మైనపు పళ్ళెంలో కప్పను వెల్లకిలా పెట్టి, తొడ దగ్గర కండ పక్కకు జరిపి చూపించాడు. ఒక తెల్లటి దారం, దాన్ని ఆనుకుని ఒక ఎర్రటి దారం. నరం, రక్తనాళం.

"ఇవి రెండూ గిట్ల పక్కపక్కన ఎందుకు పోతున్నయ్ర?"

"జాగ కలిసొస్తదని సార్" అన్నాడొకడు. "దేవుడు పెట్టిండు సార్" అని వెనక నుంచి ఇంకొకడు. అందరం నవ్వాం. సారు నవ్వలేదు.

"పుస్తకంల అయితే నరం వార్త మోస్తది, నాళం నెత్తురు మోస్తది అని రాసి ఊకున్నరు. రెండు పనులు వేరైతే రెండు దారులుండాలె గద? నా అనుమానమేందంటే, పెరిగేటప్పుడు ఇవి ఒకదాన్నొకటి పిలుచుకుంటయి."

"ఎట్ల తెలుసు సార్?" అని నేను అడిగాను. క్లాసు బిగుసుకుపోయింది. సారు కళ్ళద్దాలు తీసి, నా వైపు చూసి, "తెల్వదు" అన్నాడు. ఆ 'తెల్వదు'లో ఉన్న సంతోషం నేను ఇంకే మేష్టారి ముఖంలోనూ చూడలేదు.

తర్వాత హైదరాబాద్ మా వైపు పెరగడం మొదలుపెట్టింది. నగరం పెరిగిందంటారు, నేను వాచిందంటాను. మొయినాబాద్ చుట్టూ మల్లెతోటలు పోయి ఫాంహౌస్‌లు వచ్చాయి. జొన్న చేన్ల మధ్య ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. ప్రతి ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ కల మొలిచింది. చేవెళ్ల కాలేజీలో జీవశాస్త్రం చదివే పిల్లలు తగ్గిపోయారు. కప్పను కోసేవాడికి ఉద్యోగమెవడిస్తాడు? యాజమాన్యం సారు ల్యాబును కంప్యూటర్ ల్యాబు చేసింది. సీసాల్లోని పాములను, పిండాలను మెట్ల కిందికి నెట్టింది. అస్థిపంజరం ఒక్కటే మూలన మిగిలింది, దాని పక్కటెముకల మీద నుంచి వైర్లు లాగారు. చూడ్డానికి వెళ్ళినప్పుడు సారే చూపించాడు. "చచ్చిపోయినోనికి గూడ నెట్ కనెక్షన్ ఇచ్చిండ్రు" అన్నాడు.

నేను మండిపడ్డాను. ఆయన మండిపడలేదు. మూడు గ్రూపుల పిల్లలకూ కలిపి ఏదో 'పర్యావరణం' పాఠం చెప్పమంటే చెప్పుకుంటూ ఉండిపోయాడు. షుగరు అప్పటికే ఉంది. మాత్రలు వేసుకునేవాడు. సాయంత్రానికి కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని అమ్మతో అన్నాడట. "దినమంత నిలబడితే ఎక్కవా?" అని అమ్మ కొబ్బరినూనె రాసిందట. అందరి మాటలనూ నిలదీసిన మనిషి తన కాళ్ళు చెప్పిన మాటను నిలదీయలేదు.

ఆయనకు కోపం వచ్చింది వేరే చోట. మొయినాబాద్ దగ్గర ఒక ఫాంహౌస్‌లో ఆదివారాలు 'ఆత్మశక్తి శిబిరం' మొదలైంది. సాఫ్ట్‌వేర్ పిల్లలను ఏసీ బస్సుల్లో తెచ్చి, పొద్దంతా ఇంగ్లీషులో అరిపించి, చివరికి నిప్పుల మీద నడిపిస్తారు. నడిచినవాళ్ళకు సర్టిఫికెట్. ఇది సైన్స్, మీ మనసులోని శక్తే మిమ్మల్ని కాలకుండా కాపాడింది, ఇదే శక్తితో ప్రమోషన్ తెచ్చుకోండి అని కోటు వేసుకున్న గురువు చెప్తాడు. పని గంటలు అడగొద్దు, జీతం అడగొద్దు, నిప్పులైనా తొక్కు అని ముసుగు లేకుండా చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనబడదు.

"మా ఆలూరుల పీర్ల పండుగకు నిప్పుల గుండం తొక్కే ముసలాయన టికెట్ పెట్టడు, సర్టిఫికెట్ ఇయ్యడు. ఆయనతోటి నాకు పంచాయితీ లేదు. ఈడు సైన్స్ పేరు చెప్తున్నడు. ఈనితోటే నా పంచాయితీ" అన్నాడు సారు.

ఇట్లాంటి వాళ్ళకు జవాబుగా మా సంఘం చాలా ఊళ్ళలో చేసే పని ఒకటుంది. బొగ్గులు కాల్చి పరిచి, మేమే నడిచి చూపిస్తాం. బొగ్గు ఎంత ఎర్రగా ఉన్నా వేడిని మెల్లగా ఇస్తుంది, ఆగకుండా నడిస్తే అరికాలు కాలేలోపు అడుగు లేస్తుంది, ఇందులో మహిమ లేదు అని చెప్తాం. మా పద్ధతి ఒకటే: అందరికంటే పెద్దవాడు ముందు నడవాలి. చిన్నవాళ్ళను ముందుకు తోసి వెనక నిలబడకూడదు. ఆ పద్ధతి పెట్టింది సారే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఫాంహౌస్ దగ్గర్లో, రోడ్డు పక్క ఖాళీ జాగాలో బొగ్గులు పరిచాం. ఇంజనీరింగ్ పిల్లలు గుంపుగా వచ్చారు. సారు ప్యాంటు మడిచి, నిప్పుల్లో అడుగు పెట్టాడు. మేమైతే గబగబా దాటేస్తాం, అరికాళ్ళు చురచురలాడతాయి, అవతల చేరి గంతులేస్తాం. సారు నిదానంగా, మాట్లాడుకుంటూ నడిచాడు. సగం దారిలో ఉండగా ఒక పిల్లవాడు అరిచాడు: "సార్, కాల్తలేదా?"

సారు ఆగాడు. నిప్పుల మధ్య ఆగాడు.

"మంచి ప్రశ్న. కాలుడంటే ఏంది చెప్పు?" అని వాడికి జవాబు మొదలుపెట్టాడు.

జనం చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. ఏం ధైర్యం అనుకున్నాం. ధైర్యం కాదది. ఆయనకు తెలియలేదు. అరికాలు కాలుతున్న వార్త మోయాల్సిన నరాలు షుగరుతో చచ్చిపోయి చాలాకాలమైంది. ఈ తప్పు బాబాలు చెయ్యరు, గుండం తొక్కే భక్తులు చెయ్యరు, వాళ్ళు త్వరగా దాటుతారు. సూత్రం మీద నమ్మకంతో నిప్పుల్లో నిలబడి పాఠం చెప్పే తప్పు మా లాంటి వాళ్ళు మాత్రమే చేస్తారు.

సాక్సులు తొడుక్కుని, బూట్లు వేసుకుని, బస్సెక్కి ఇంటికి పోయాడు. మర్నాడు కాలేజీకీ అవే బూట్లతో పోయాడు. సాక్సు వాసన చూసి అనుమానపడింది అమ్మ. లాగితే రాలేదట, చర్మానికి అంటుకుపోయిందట.

పట్నంలో పెద్ద దవాఖానలో వారాలు గడిచాయి. పుండు మానలేదు. ఒక కుర్ర డాక్టరు రోజూ పాదం మీద వేళ్ళు పెట్టి చూసేవాడు. "నాడి మంచిగనే కొట్టుకుంటుంది సార్. పెద్ద రక్తనాళాలన్నీ బాగున్నాయి. అయినా ఎందుకు మానట్లేదో..." అని తల గోక్కునేవాడు. అతను వెళ్ళాక సారు నన్ను పిలిచాడు.

"మెహిదీపట్నంల నెట్ సెంటర్ ఉన్నది గద? నరాలు పెరిగే ప్రోటీన్లు, రక్తనాళాలు, రెండూ కలిపి వెతుకు. ఏం దొరికితే అది ప్రింట్ తీస్కరా."

తెచ్చాను. దిండుకు ఆనుకుని, ఆకుపచ్చ పెన్నుతో గీతలు కొట్టుకుంటూ చదివాడు. ఒక మధ్యాహ్నం లేచి కూర్చున్నాడు. ముఖంలో ఆ పాత సంతోషం.

"చూస్తివా? కప్ప కాలు యాదికున్నదా? నరం పెరగాల్నంటే దేహం ఒక ప్రోటీన్ పంపుతది. నువ్వు ఇటు పెరుగు అని నరానికి అదొక కబురు. ఇన్నేండ్లు అది నరం సొంత వ్యవహారం అనుకున్నరు. ఇప్పుడేమో రక్తనాళం గోడల కణాలకు గూడ ఆ కబురు వినే చెవులున్నయి అంటున్నరు. ఆ కబురు పడ్డ కాడ సన్న నాళాలు మొలుస్తున్నయట. నరం దిక్కు నుంచి నాళానికి, నాళం దిక్కు నుంచి నరానికి, రెండు దిక్కుల పిలుపు."

"అంటే మీరు ఆ రోజు చెప్పిందే గద సార్!"

"నేను చెప్పలే. అనుమానపడ్డ. తేడా ఉన్నది." కట్టు కట్టిన కాలు వైపు చూశాడు. "డాక్టరు పెద్ద కాలువ చూస్తున్నడు. నీళ్ళు పారుతున్నయి. పుండుకు కావాల్సింది కొత్త పిల్లకాలువలు. మొలువుమని చెప్పేటోళ్ళల్ల నరం ఒకడు. నా కాడ ఆ చెప్పేటోడు ముందే పోయిండు. వాని వెనక కబురూ తగ్గింది. అదొక్కటే అనకు మళ్ళ. షుగరుంది, చీముంది, ఇంకా మస్తున్నయి. ఇందుకు మందు గూడ ఇంకా లేదు, ఎలుకల మీదనే చూస్తున్నరు."

నా బుర్ర ఊరుకుంటుందా? క్యాన్సర్ గడ్డ కూడా ఇట్లాంటి కబుర్లతోనే నెత్తుటిని తన వైపు లాక్కుంటుందని ఆ కాగితాల్లోనే ఉంది. "సార్, ఇదే గద మన దగ్గర జరుగుతున్నది! హైటెక్ సిటీ గడ్డలెక్క కేబుళ్ళు చాపి చేవెళ్ల నెత్తురంత గుంజుతున్నది. వచ్చే వ్యాసం దీని మీదనే రాస్త" అన్నాను.

"అరే, ఆగు. నా నరాన్ని నీ ఉపన్యాసంలకు గుంజకు. పోలిక మంచిగుంటే నిజమైతదా? ఎట్ల తెలుసు?" అన్నాడు. "ఇంకోటి. కంప్యూటర్‌ను తిడుతవు గని, ఈ కాయితాలు దాని పుణ్యమే గద. అదన్న రాయి." ఆ వ్యాసం నేను రాయలేదు. కంప్యూటర్ పుణ్యం మాత్రం ఇక్కడ రాశాను.

మోకాలి కింద కాలు తీసేశారు.

కట్లు విప్పకముందే కన్వీనరు పళ్ళు పట్టుకుని వచ్చాడు. మంచివాడే, ఉద్యమం కోసం ఉద్యోగం వదులుకున్నవాడు. అటు ఇటు చూసి గొంతు తగ్గించాడు.

"సార్, ఫాంహౌస్‌ల ఆయన ప్రతి ఆదివారం మీ పేరే చెప్తున్నడట. నమ్మకం లేకుంట నడిస్తే గిట్ల అయితదని. ఊర్లల్ల గూడ అదే మాట. మనం మేకు గుచ్చుకున్నదని చెప్దాం."

"ఏ మేకు?" అన్నాడు సారు.

"ఏదో ఒక మేకు సార్."

"ఎంత పొడుగుది? ఎక్కడ గుచ్చుకున్నది? తుప్పు పట్టిందా?"

"సార్, పరాచికాలు వద్దు. ఉద్యమం దెబ్బతింటది."

"తిననీ. నేను ఒక్క కాలు మీద నిలబడుడు నేర్చుకుంటున్న గద, అది గూడ నేర్చుకుంటది." తర్వాత మెల్లగా అన్నాడు. "చూడు తమ్మీ, మేకు అని చెప్తే షుగరున్నోళ్ళు మేకులకు భయపడుతరు. నిప్పు అని చెప్పి, నాకెందుకు తెలియలేదో చెప్తే, వాళ్ళ కాళ్ళు వాళ్ళు చూసుకుంటరు. నా కాలైతే పోయింది. అబద్ధం చెప్పి వాళ్ళయి గూడ తీస్తనా?"

కన్వీనరు పళ్ళు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. జరిగింది జరిగినట్టు చెప్పడానికి ఆలూరులో సారు పెట్టాలనుకున్న సభకు సంఘం బ్యానరు ఇవ్వలేదు. అందుకే ఈ వ్యాసం చదివి నా మీద కోపం తెచ్చుకునే మిత్రులకు ఒక మాట. నిజం మనకు అనుకూలంగా ఉన్నప్పుడే చెప్పేవాళ్ళను మనం ఇన్నాళ్ళూ ఏమని పిలిచాం? ఆ మాట అద్దం ముందు నిలబడి ఒకసారి అనుకోండి. తర్వాత కొన్నాళ్ళకు సారు రెండో కాలికీ పుండు పడింది. దాన్నుంచి విషం ఒళ్ళంతా పాకి, మూత్రపిండాలు ఆగిపోయి చనిపోయాడు. దేవుడూ తియ్యలేదు, మేకూ తియ్యలేదు.

ఆయన పోకముందే, బ్యానరు లేకుండానే ఆ ఆలూరు సభ జరిగింది. ఒక ఆదివారం చర్చి అయిపోయాక, ఆలూరు బడి వరండాలో. సారు సంకకర్రలతో వచ్చి, కుర్చీ వద్దని, చిన్న స్టూలు మీద కూర్చున్నాడు. ముందు జరిగిందంతా చెప్పాడు. నడిచాను, నిలబడ్డాను, కాలింది, నాకు తెలియలేదు. నడిచే ముందు నా కాలు నేను చూసుకోలేదు, తప్పు అక్కడుంది.

వరండా అంచున కూర్చున్న ఒక అవ్వ ఊరుకోలేదు. ఊర్లో నోరున్న మనిషి, షుగరు మాత్రలు కొంగున కట్టుకుని తిరుగుతుంది.

"గన్ని మాటలెందుకు సారూ? గుండం కోపం జేసింది, కాలు తీస్కున్నది. ఒప్పుకో."

"నా మీద దానికి కోపముంటే ముందుగాల నా నోరు పడగొట్టాలె గద అవ్వా. కాలేం జేసింది?"

అందరూ గొల్లుమన్నారు. అవ్వ కూడా నవ్వింది. "అవు, నోరే నీది" అంది.

"కాళ్ళు జర ఇటు చాపు. ఒకటి చూస్త."

"అయ్యో, సారువు, నా కాలు పట్టుకుంటవా? పాపం తగుల్తది నాకు."

"తగిలితే నేను చూసుకుంట. కండ్లు మూసుకో. అరికాలికి పుల్ల తాకినప్పుడల్లా 'ఆఁ' అను. తాకకుంటే ఊకో."

ఎవరో బడి చీపురులోంచి ఒక పుల్ల తీసి ఇచ్చారు. సారు స్టూలు ముందుకు జరుపుకుని, అవ్వ పాదాన్ని తన మంచి మోకాలి మీద పెట్టుకున్నాడు. అవ్వ కళ్ళు గట్టిగా మూసుకుంది. కితకితలు పెడతారని ముందే తెలిసిన చిన్నపిల్లలాగా పెదాలు బిగించి నవ్వాపుకుంటోంది. చుట్టూ ఆడవాళ్ళు "అవ్వా, ఎగిరి దుంకకు" అని ఎగతాళి చేస్తున్నారు.

సారు బొటనవేలి కింద పుల్ల ఆనించి, అది వంగేదాకా నొక్కాడు. అవ్వ నవ్వాపుకుంటూనే ఉంది. చిటికెనవేలి కింద నొక్కాడు. మడమ మీద నొక్కాడు. ఎగతాళి చేస్తున్న గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పక్కనున్న కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ బొటనవేలి దగ్గరికి వచ్చి, ఈసారి పుల్ల విరిగేదాకా నొక్కాడు. విరిగిన చప్పుడు మా అందరికీ వినబడింది.

అవ్వ కళ్ళు మూసుకునే ఉంది.

"పెట్టు సారూ, ఎంతసేపు?" అంది. "నా కాలు ముట్టనీకి సిగ్గయితున్నదా?"